కమిషనర్ గారూ, ఒక్కసారి టైరు చదవండి

తెలంగాణ రవాణా శాఖ కమిషనర్ గారికి, బంజారా హిల్స్ పాదచారుల తరఫున నమస్కరించి రాయునది.

అయ్యా, మీ శాఖది పెద్ద మనసు. ఎంత పెద్దదో తెలియాలంటే సాయంత్రం పూట జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర నిలబడితే చాలు. అడవిలో తిరగాల్సిన పికప్‌లు ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ వేయించుకుని, 33 అంగుళాల టైర్ల మీద ఊరేగుతూ కాఫీ తాగడానికి వెళ్తుంటాయి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు చెప్పిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అంటోంది. ఆ 5,000కి ఈ టైర్లలో ఒక్కటి కూడా రాదు. అందుకే కాబోలు, జరిమానాని ఎవరూ ఖర్చుల్లో లెక్కేసుకోవడం లేదు.

ఇది షోకు కదా, మీకెందుకు అంటారు. షోకుకి మాకు అభ్యంతరం లేదు, మా పేచీ లెక్కతోనే. మన శ్రీసిటీలో 2016 నుంచి తయారవుతున్న ఇసుజు లాంటి పికప్‌లకి 255/60 ఆర్18 టైరు వేశారనుకుందాం. దాని వ్యాసం దాదాపు 763 మిల్లీమీటర్లు. దాని స్థానంలో 33 అంగుళాల టైరు వేస్తే 838 అవుతుంది, అంటే పది శాతానికి కాస్త తక్కువ పెరిగింది. మీటరుకి ఈ సంగతి తెలియదు. అది 80 చూపిస్తుంటే బండి 88 దగ్గర ఉంటుంది. వేగం కొలిచే కెమెరా మాత్రం అసలు వేగాన్నే పట్టుకుంటుంది. ఓడోమీటర్ 10,000 కిలోమీటర్లు అన్నప్పుడు బండి దాదాపు 11,000 తిరిగేసి ఉంటుంది. ఆ సంగతి సెకండ్ హ్యాండ్‌లో కొనేవాడికి ఎవరు చెబుతారు? బ్రేకుదీ అదే కథ. చక్రం పెద్దదైతే, పెడల్ మీద అంతే బలంతో తొక్కినా రోడ్డు మీద పడే పట్టు సుమారు తొమ్మిది శాతం తగ్గుతుంది. పైగా టైరు బరువు పెరుగుతుంది. చదును నేల మీద ఇది సర్దుకుపోవచ్చు. బంజారా హిల్స్ పేరులోనే కొండలున్నాయి. ఇక్కడి పల్లపు రోడ్ల మీద, కింద సిగ్నల్ దగ్గర స్కూటర్లు ఆగి ఉన్నప్పుడు ఆ తొమ్మిది శాతం ఎవరి కాలి మీద పడుతుందో మీరే ఊహించండి.

ఎత్తు సంగతి మరీ ముఖ్యం. బండి లేచిన కొద్దీ హెడ్‌లైట్లు ఎదుటి స్కూటరిస్టు కళ్ల ఎత్తుకి వస్తాయి, బానెట్ పాదచారి ఛాతీ ఎత్తుకి వస్తుంది. అమెరికాలో బీమా కంపెనీల నిధులతో రహదారి భద్రతపై పనిచేసే సంస్థ ఐఐహెచ్‌ఎస్ 2023లో ఒక అధ్యయనం వెలువరించింది. బానెట్ 40 అంగుళాలకి మించిన బండ్లు పాదచారిని గుద్దితే, 30 అంగుళాలో అంతకంటే తక్కువో ఉండి ముందు భాగం వాలుగా ఉన్న బండ్ల కన్నా ప్రాణం పోయే అవకాశం దాదాపు 45 శాతం ఎక్కువని తేలింది. పికప్‌ల పుట్టిల్లు లాంటి దేశం చెబుతున్న మాట ఇది.

దీనికి రెండు జవాబులు వినిపిస్తాయి. ఒకటి, వానొస్తే మా రోడ్లు చెరువులవుతాయి, ఎత్తు కావాలి అని. న్యాయమే. అయితే టైరు వ్యాసం 75 మిల్లీమీటర్లు పెరిగితే బండి అందులో సగమే, 37 మిల్లీమీటర్లే, లేస్తుంది. రెండు వేళ్ల వెడల్పు కోసం బ్రేకునీ మీటరునీ పణంగా పెట్టడం లాభసాటి బేరం కాదు. పైగా రోడ్డు మీద నీళ్లు నిలవకుండా చూడటం మున్సిపాలిటీ పని, దాన్ని టైరు షాపుకి అప్పగించలేం. రెండోది, కంపెనీలే పెద్ద టైర్లు ఇస్తున్నాయి కదా అని. నిజమే. అదే మోడల్ పై వేరియంట్‌కి కంపెనీ పరీక్షించి ఇచ్చిన సైజు వేసుకుంటే ఎవరూ కాదనకూడదు. షూటింగులకి, ఆఫ్‌రోడ్ పోటీలకి ఎత్తు పెంచిన బండ్లుంటే వాటికి తనిఖీ చేసి అనుమతివ్వండి. షరతు ఒక్కటే: మీటరు సరిచేయాలి, బ్రేకు పరీక్షించాలి, ఆర్‌సీలో రాయాలి.

2022లో ఇదే చెక్‌పోస్ట్ దగ్గర ట్రాఫిక్ పోలీసులు సినీ ప్రముఖుల కార్లని ఆపి మరీ అద్దాల నల్ల ఫిల్మ్ పీకేశారు. కనుక ఈ వీధుల్లో చట్టం అమలు కాదనే మాట చెల్లదు. ఇంకో మూడడుగులు కిందికి చూడమనే మా విన్నపం. టైరు పక్క గోడ మీద సైజు పెద్ద అక్షరాల్లో అచ్చేసి ఉంటుంది. అసలు సైజు చెప్పే కంపెనీ స్టిక్కర్ డ్రైవర్ తలుపు దగ్గరే ఉంటుంది. రెండూ చదివి పోల్చడానికి కానిస్టేబుల్‌కి ఒక్క నిమిషం చాలు. తేడా వస్తే చలానా రాయండి, పాత టైర్లు వేయించుకుని వచ్చి చూపించమనండి. చట్టం కొత్తగా చేయక్కర్లేదు, ఉన్నది అమలు చేయండి.

ఇట్లు,
రోడ్డు దాటడానికి ఇంకా ఎదురుచూస్తున్న
ఒక పాదచారి