జోడు యంత్రం: ఒక పరీక్షా కంప్యూటరు ఆత్మకథ

ఈ కథ చెప్పుకుంటున్నది గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టులో, గోడవారగా బల్ల కింద ఉన్న నల్లటి కంప్యూటరు. పరీక్షల గదిలో పెరిగిన యంత్రం కనుక, సొంత సంగతులు కూడా రికార్డు రాసినట్టు చెప్పడమే దానికి అలవాటు. అందుకే ఈ ఆత్మకథలో ‘నేను’ ఉండదు, ‘అది’ ఉంటుంది. ఇప్పుడు దాని పని మిర్చి టిక్కీల, అంటే బస్తాల, తూకాలు రాసుకోవడం, తక్‌పట్టీలనే లెక్క చీట్లు అచ్చు వేయడం. అంతకుముందు దాని ఉద్యోగం వేరు. పక్కనున్న కంప్యూటరు నమ్మదగినదో కాదో తేల్చే పని అది.

మైక్రోసాఫ్ట్ హైదరాబాదులో తన అభివృద్ధి కేంద్రాన్ని 1998లో పెట్టింది. ఆ తర్వాత ఇంటెల్, ఏఎండీ, క్వాల్‌కామ్ లాంటి చిప్పుల కంపెనీలూ అక్కడ కార్యాలయాలు తెరిచాయి. అలాంటి పెద్ద కంపెనీలకు పరీక్షలు చేసిపెట్టే చిన్న సంస్థలు కూడా ఆ చుట్టుపక్కలే వెలిశాయి. వాటిలో ఒకదాని ఏసీ గదిలో అది మొదటిసారి ఆన్ అయింది. మొదటి రోజే దాని ఒంటి మీద ఒక చీటీ అంటించారు. ‘కంట్రోలర్’ అని రాసి ఉంది. పక్క బల్ల మీదున్న యంత్రానికి ‘క్లయింట్’ అనే చీటీ వేశారు.

ఈ జోడు ఎందుకు కావలసి వచ్చిందో ముందు చెప్పాలి. కంప్యూటరు అంతా ఒకే చోట తయారైన సరుకు కాదు. బోర్డు ఒకరిది, నెట్‌వర్క్ కార్డు మరొకరిది, డిస్కు ఇంకొకరిది. ప్రతి భాగంతో ఆపరేటింగ్ సిస్టమ్ మాట్లాడాలంటే డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాం ఉండాలి. చాలా డ్రైవర్లు సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నెల్ లోపలే నడుస్తాయి. అక్కడ ఒక్కటి తప్పటడుగు వేసినా యంత్రం మొత్తం నీలి తెర చూపించి కూలబడుతుంది. తయారీదారు ‘మా కార్డు బాగానే పని చేస్తుంది’ అని తన మాటగా చెబితే చాలదు, ఎవరైనా పరీక్షించి చూపాలి. విండోస్ ఎన్‌టీ రోజుల్లోనే మైక్రోసాఫ్ట్ పొసగే హార్డ్‌వేర్ జాబితా ఒకటి ప్రకటిస్తూ ఉండేది. 64 బిట్ల విస్టా వచ్చాక సంతకం లేని కెర్నెల్ డ్రైవర్లను సిస్టమ్ లోపలికి రానివ్వడం మానేసింది. పరీక్షల సామగ్రి పేరు విండోస్ 8తో 2012లో ‘హార్డ్‌వేర్ సర్టిఫికేషన్ కిట్’ అయింది. విండోస్ 10తో 2015లో ‘హార్డ్‌వేర్ ల్యాబ్ కిట్’గా మారింది. ల్యాబుల్లో అందరూ పిలిచేది హెచ్ఎల్‌కే అనే. 2016లో వచ్చిన విండోస్ 10 1607 వెర్షన్ నుంచి, కొత్త కెర్నెల్ డ్రైవర్లకు మైక్రోసాఫ్ట్ సంతకమే తప్పనిసరైంది.

దాని పుట్టుక ఆ హెచ్ఎల్‌కే కోసమే.

దాని మీద ముందుగా విండోస్ సర్వర్ శుభ్రంగా, వేరే ఏ సాఫ్ట్‌వేరూ లేకుండా ఎక్కించారు. నెట్‌వర్క్ లాగిన్లు చూసే డొమైన్ కంట్రోలర్‌గా పని చేస్తున్న సర్వర్ మీద ఈ కిట్టు పెట్టకూడదు, అది నియమం. కిట్టుతో పాటే ఫలితాలు దాచుకునే డేటాబేస్ కూడా లోపలికి చేరింది. తర్వాత రెండు యంత్రాలనూ ఒకే నెట్‌వర్క్‌లో కలిపారు. క్లయింట్ దగ్గర కూర్చున్న అమ్మాయి, కంట్రోలర్ తెరిచి ఉంచిన ఉమ్మడి ఫోల్డరులోకి వెళ్లి అక్కడున్న సెటప్‌ను నడిపింది. కాసేపటికి కంట్రోలర్ తెర మీద క్లయింట్ పేరు కనిపించింది. కనిపించగానే పరీక్ష మొదలుకాదు. కొత్తగా వచ్చిన యంత్రం ముందు ఉమ్మడి పూల్‌లో ఉంటుంది. దాన్ని విడి పూల్‌లోకి మార్చి, స్థితిని ‘రెడీ’ చేయాలి. ఆ మాట పడితేనే కంట్రోలర్ పని పంపగలదు.

సిబ్బంది ఎక్కువసేపు చిక్కుకునేది ఇక్కడే. ఫైర్‌వాల్ అడ్డం పడుతుంది. లేదంటే ఒకే డిస్కు నకలు తీసిన రెండు యంత్రాలకు ఒకే పేరు ఉండిపోతుంది. అప్పుడు క్లయింట్ ‘నాట్ రెడీ’ అంటూ కదలకుండా కూర్చుంటుంది. కేబుల్ బాగుంది, లైటు వెలుగుతోంది, పింగ్ వెళ్తోంది, అయినా పని మొదలుకాదు. తీగ కలిపినంత మాత్రాన రెండు యంత్రాలు కలిసినట్టు కాదని ఆ గదిలో కొత్తగా చేరిన ప్రతి ఒక్కరూ మొదటి వారంలోనే గ్రహించేవారు.

పరీక్షలు మొదలయ్యాక క్లయింట్‌కు ఊపిరి సలపదు. డ్రైవర్ తప్పుడు అడ్రసుకు రాస్తోందేమో పట్టుకునే వెరిఫైయర్ ఒకవైపు నడుస్తూనే ఉంటుంది. పరికరాన్ని ఆపి మళ్లీ మొదలుపెడతారు. అర్థం లేని అభ్యర్థనలు పంపి తట్టుకుంటుందో లేదో చూస్తారు. యంత్రాన్ని మళ్లీ మళ్లీ రీస్టార్ట్ చేస్తారు. అన్నిటికంటే కఠినమైనది నిద్రపుచ్చి లేపే పరీక్ష. ఒక రాత్రి క్లయింట్ నిద్రలోకి వెళ్లింది, లేవలేదు. మనిషి ఎవరూ లేని ఆ గదిలో కంట్రోలర్ ఎదురుచూసింది, గడువు దాటింది, ‘ఫెయిల్’ అని రాసి లాగ్ దాచింది. పొద్దున ఇంజినీరు ఆ లాగ్ తెరిచి చూస్తే, నిద్ర నుంచి లేచేటప్పుడు నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ ఒక తాళం పట్టుకుని వదలలేదని తేలింది. ఆ తప్పు క్లయింట్ తనంతట తాను చెప్పుకోలేదు, ఎందుకంటే అప్పటికి అది స్పృహలో లేదు. పక్కన మేలుకుని ఉన్న రెండో యంత్రం ఉండబట్టే బయటపడింది. ల్యాబులవాళ్లు రెండు యంత్రాలు పెట్టుకుని తంటాలు పడేది ఇందుకే.

నెట్‌వర్క్ కార్డు పరీక్షకైతే రెండు కూడా చాలవు. ఎదురుగా నిలబడి ప్యాకెట్లు పంపే మూడో యంత్రం కావాలి. ఆదేశాలు వెళ్లే దారి ఒకటి, పరీక్ష ట్రాఫిక్ వెళ్లే దారి మరొకటి. రెండూ కలిస్తే కొలత చెడుతుంది.

లైనక్స్ లోకంలోనూ ఇదే పద్ధతి. రెడ్ హ్యాట్ ధ్రువీకరణలో పరీక్షకు నిలబడిన యంత్రం ఒకటి, టెస్ట్ సర్వర్ ఒకటి. సిస్టమ్ శుభ్రంగా ఎక్కించి ఉండాలి, కెర్నెల్ బయటి కోడ్‌తో కలుషితం కాకూడదు, ఎస్ఈలైనక్స్ అనే భద్రతా ఏర్పాటు అమలులో ఉండాలి. ఉబుంటు సర్వర్ ధ్రువీకరణలో ఐపెర్ఫ్ అనే పనిముట్టుతో రెండో యంత్రానికి డేటా పంపుతారు. కార్డు తన వేగంలో కనీసం 80 శాతం అందుకోవాలి. ఎదుటి యంత్రం కార్డు అంతకంటే నెమ్మదిదైతే పరీక్షకు అర్థమే లేదు. పరీక్షించేవాడి సత్తా పరీక్షకు వచ్చినవాడికి తగ్గకూడదన్న ఈ నియమం దానికి చాలా నచ్చుతుంది.

అన్నీ నెగ్గాక ఫలితాలను ఒక ప్యాకేజీగా కట్టి, కంపెనీ సంతకంతో మైక్రోసాఫ్ట్‌కు పంపుతారు. పరీక్షలోనే ఉన్న, అందరికీ తెలిసిన లోపాల వల్ల పడ్డ ఫెయిళ్లను వడకట్టే ఫిల్టర్లు కూడా ఉంటాయి, వాటిని ఎప్పటికప్పుడు తాజా చేసుకోవాలి. చివరికి డ్రైవర్ మీద మైక్రోసాఫ్ట్ సంతకం పడుతుంది. ఆ సంతకం చెప్పేది ఒక్కటే. ఈ వెర్షన్ డ్రైవర్, ఈ వెర్షన్ విండోస్ మీద, ఈ పరీక్షలు నెగ్గింది. దుమ్ము గురించి, ఎండ గురించి, వోల్టేజీ గురించి అందులో ఒక్క మాట ఉండదు.

విండోస్ వెర్షన్ మారినప్పుడల్లా దానికి తగిన కిట్టు కావాలి, యంత్రాలూ మారుతాయి. అలా ఒకసారి దాని వంతు వచ్చింది. డిస్కు తుడిచేసి, సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పాత కంప్యూటర్లు అమ్మే ఒక దుకాణానికి చేర్చారు. అక్కణ్ణుంచి అట్టపెట్టెలో గుంటూరు వచ్చింది.

గుంటూరులో మొదట తెలిసింది ఘాటు. జనవరి నుంచి సరుకు దిగుతుంది. పల్నాడు ఊళ్ల నుంచి, మార్కాపురం, దర్శి, త్రిపురాంతకం నుంచి రాత్రంతా లారీలు వస్తాయి. తేజ, బ్యాడిగి, లాం ఫారం నుంచి వచ్చిన 334, అన్నీ వరుసలుగా పేరుస్తారు. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన గుంటూరు సన్నం పేరు ఈ నేలదే. కాయ కదిలినప్పుడల్లా లేచే సన్నటి పొడి ఫ్యాను రెక్కల్లోకి, ప్రాసెసర్ మీది హీట్‌సింక్ సందుల్లోకి చేరుతుంది. బ్లోయర్‌తో ఊదడానికి వచ్చిన కుర్రాడు తుమ్ములు ఆపుకోలేక బయటికి పరుగెత్తుతాడు. ఇలాంటి డెస్క్‌టాప్‌లకు తయారీదారులు సాధారణంగా రాసే పని ఉష్ణోగ్రత 35 డిగ్రీల వరకే. ఏప్రిల్ మధ్యాహ్నం రేకుల కింద ఆ గీత ఎప్పుడో దాటిపోతుంది. మే నెలలో యార్డుకు వేసవి సెలవులిస్తారు. ఆ రోజులే దానికీ విశ్రాంతి.

కొట్టులో దానికి మళ్లీ ఒక జోడు దొరికింది. కాటా దగ్గర ఒక యంత్రం, లోపల లెక్కల బల్ల దగ్గర అది. కాటా నుంచి తూకం సీరియల్ తీగ మీద మొదటి యంత్రానికి, అక్కణ్ణుంచి లాన్ కేబుల్ మీద దీనికి రావాలి. యజమాని దీన్ని నేరుగా సీజన్‌లో పెట్టేసి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం. డిసెంబరులో గుమస్తా అన్న కొడుకు, ఇంజినీరింగ్ చదివే అబ్బాయి, సెలవులకు వచ్చి రెండింటినీ పక్కపక్కన పెట్టి కూర్చున్నాడు.

ముందు రెండు యంత్రాల మధ్య ఒక్క కేబుల్ వేశాడు. పూర్వం ఇలా నేరుగా కలపాలంటే తీగలు అడ్డం మార్చిన క్రాస్ కేబుల్ కావాలి. ఇప్పటి గిగాబిట్ కార్డులు ఆ మార్పు తామే చేసుకుంటాయి. అడ్రసులు ఇచ్చేవాళ్లు ఎవరూ లేకపోవడంతో రెండూ 169.254తో మొదలయ్యే అడ్రసులు తగిలించుకున్నాయి. అబ్బాయి వాటిని తీసేసి ఒకదానికి 192.168.1.1, రెండోదానికి 192.168.1.2 అని స్థిరంగా ఇచ్చాడు. తర్వాత కాటా కలిపాడు. తెర మీద చెత్త అక్షరాలు పడ్డాయి.

“ఏరా, ఇదేం భాషరా? టిక్కీ బరువు అడిగితే పిచ్చిరాతలు రాస్తోంది,” అన్నాడు గుమస్తా.

“బాబాయ్, కాటా 9600 వేగంతో పంపుతోంది, ఇది 2400తో వింటోంది. రెండూ ఒకటి చేస్తే సరిపోతుంది.”

వేగం కలిసింది, అంకెలు కనిపించాయి. కానీ 41.3 కిలోలకు తెర మీద 413 పడింది. కాటా చుక్కను వేరే చోట పంపుతోంది, ప్రోగ్రాం దాన్ని చదవడం లేదు. అదీ సరిచేశాక, గుమస్తా తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న 20 కిలోల రాళ్లు తెచ్చాడు. ఒకటి, రెండు పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, ప్రతిసారీ కాటా అంకె, తెర అంకె, అచ్చయిన అంకె మూడూ పక్కపక్కన నోటు పుస్తకంలో రాయించాడు అబ్బాయి. మధ్యలో కేబుల్ పీకాడు. కరెంటు తీసేశాడు. తూకం వస్తుండగా యంత్రాన్ని రీస్టార్ట్ చేశాడు. బల్ల కింద ఉన్న పాత కంట్రోలర్‌కు ఇది కొత్త పని కాదు. హైదరాబాదులో ఏసీ గదిలో చేసిన పనే ఇది, ఈసారి నిజమైన కాటాతో, నిజమైన దుమ్ములో.

ఇంకో ముఖ్యమైన సంగతి యూఎస్‌బీ సీరియల్ కన్వర్టర్. చాలా కొత్త కంప్యూటర్లకు సీరియల్ పోర్టు లేదు కనుక కాటాకు ఆ చిన్న ముక్క తప్పనిసరి. నకిలీ చిప్పులతో చవకవి బజారులో చాలా ఉన్నాయి. 2014 అక్టోబరులో ఎఫ్‌టీడీఐ కంపెనీ డ్రైవర్ ఒకటి విండోస్ అప్‌డేట్ ద్వారా వచ్చి, తమ చిప్పుకు నకళ్లుగా ఉన్నవాటి గుర్తింపు సంఖ్యను సున్నా చేసేసింది. అవి పని చేయడం మానేశాయి. దుమారం రేగి ఆ డ్రైవర్‌ను వెనక్కి తీసుకున్నారు. డ్రైవర్ వచ్చింది అధికారిక దారిలోనే, నష్టపోయింది మాత్రం తెలియక నకిలీ కొన్నవాడు. సీజన్ మధ్యలో యార్డులో అలాంటిది జరిగితే కాటా దగ్గర లారీలు నిలిచిపోతాయి.

తూకంలో అరకిలో తేడా చిన్నదిగా కనిపిస్తుంది. క్వింటా ధర 15,000 రూపాయలు అనుకుంటే, అరకిలో అంటే టిక్కీకి 75 రూపాయలు. 50 టిక్కీల లాటుకు 3,750. ఏడాదంతా పురుగుమందులకు, కూలీలకు అప్పు చేసిన రైతుకు అది చిన్న మొత్తం కాదు. కాటాకు ముద్ర ఉంటుంది, డ్రైవర్‌కు సంతకం ఉంటుంది. ఆ రెండింటి మధ్య ఉన్న తీగకు, పోర్టుకు, ప్రోగ్రాంకు పూచీ పడేవాళ్లు ఎవరూ లేరు. కొట్టువాళ్లే పడాలి.

పత్తి కొనే జిన్నింగ్ మిల్లులైనా, మిర్చి కొట్లైనా, పసుపు కొట్లైనా చేయాల్సింది ఒకటే. వచ్చే సీజన్ సరుకు దిగకముందే, డిసెంబరులోనే, మీరు నిజంగా వాడబోయే రెండు యంత్రాలను, మీ కాటాను, మీ ప్రింటర్‌ను ఒక చోట పెట్టండి. ముద్ర ఉన్న రాళ్లతో తూచండి. కేబుల్ పీకి చూడండి, కరెంటు తీసి చూడండి. కన్వర్టర్‌ను బిల్లు ఇచ్చే దుకాణంలోనే కొనండి. పరీక్ష నడిచినన్నాళ్లూ అప్‌డేట్లు ఆపి ఉంచి, అవి పడ్డాక మళ్లీ ఒకసారి తూచండి. ఆ ఫలితాల కాగితాన్ని రైతు అడిగితే చూపించేలా కాటా పక్కనే గోడకు అంటించండి.