మారుతీ 800ని కాటా ఎక్కించకండి

పాత కారును కిలోల లెక్కన ఇనుప సామాను కొట్టుకి తోసేయడాన్ని నేను ఒప్పుకోను. తెనాలి పక్కన అంగలకుదురులో మీ ఇంటికి కాస్త వాకిలుంటే చాలు, బండిని అక్కడే విప్పండి. ఏడాది పట్టినా పట్టనివ్వండి. వాకిలంతా గ్రీజు చేశావని ఇంట్లో కేకలేస్తారు, పట్టించుకోవద్దు.

ముందు బోల్టుల సంగతి. మన డెల్టా తేమకి అన్నీ తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటాయి. రాత్రి నాలుగు చుక్కలు డీజిల్ వేసి వదిలేసి పొద్దున పానా పట్టండి. వెంటనే విప్పబోతే తల తెగుతుంది. రవ్వంత బిగించి, కదిలిందనిపించాకే వెనక్కి తిప్పండి. ఊడిన బోల్టును డబ్బాలో పడేయకండి, తీసిన కన్నంలోనే రెండు చుట్లు తిప్పి ఉంచండి. తలుపు కొనుక్కున్నవాడికి దాని బోల్టులు దాంతోపాటే వెళ్ళాలి.

ఏ సామానూ కడగొద్దు, రంగు అసలే వేయొద్దు. కార్బురేటర్ మీద పేరుకున్న మడ్డిని చూసి పెట్రోలు ఎక్కడ కారిందో మంచి మేస్త్రీ ఇట్టే చెప్తాడు. ఆ మడ్డి తుడిచేశారంటే కొనేవాడి కళ్ళకు గంతలు కట్టినట్టే. తళతళలాడే పాత సామాను నేనైతే ముట్టుకోను.

ఎవరికి అమ్మాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. 1983లో మొదలైన మారుతీ 800 తయారీ 2014లో ఆగిపోయింది. కానీ అదే 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజను ఓమ్నీ వ్యానుకూ ఉంది, ఆ వ్యాను 2019 దాకా వచ్చింది. అందుకని ఓమ్నీ నడుపుకునేవాళ్ళ కోసం కాచుకోండి. పాడైన సామాను చేత్తో పట్టుకుని వచ్చినవాడికే ఇవ్వండి. ఉత్త చేతులతో వచ్చి "మొత్తం ఎంతకిస్తావ్?" అనేవాడు మారుబేరగాడు. వాడు రెట్టింపు ధర చెప్పినా ఇవ్వకండి. మీ సెల్ఫ్ మోటారు ఇంకో బండిని కదిలించాలి గానీ గోదాములో పడి ఉండకూడదు.

ఎవరికీ అక్కరకు రాని గేరు చక్రాలు, బేరింగులు, నట్లు మిగులుతాయి. వాటిని కూడా కాటాకి పంపొద్దు. తెనాలి సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర ఇలాంటి తుక్కుతోనే 2021లో ప్రధాని మోదీ 14 అడుగుల విగ్రహం చేశారు. ఇనుముతో బొమ్మలు చేసే చేతులు మన పక్క ఊళ్ళోనే ఉన్నాయి. డబ్బు అడక్కుండా అలాంటివాళ్ళకు పట్టుకెళ్ళి ఇవ్వండి.

రెండు విషయాల్లో మాత్రం మొండితనం పనికిరాదు. బ్యాటరీలో సీసం, ఆసిడ్ ఉంటాయి, దాన్ని విప్పకుండా బ్యాటరీ డీలరుకి అప్పగించండి. ఇంజనాయిల్ క్యానులో పట్టండి, ఒక్క బొట్టు కూడా కాలువలో కలవకూడదు.

కాగితాల పని ఒకటుంది. బండి ఇక పనికిరాదని తేలాక 14 రోజుల్లో రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేసి ఆర్సీ పంపాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ చెప్తుంది. చాసిస్ నంబరున్న ముక్కను ఎవరెంతిచ్చినా అమ్మకండి. దాన్ని దొంగబండికి అతికించి తిప్పేవాళ్ళుంటారు, పోలీసులు వచ్చేది మీ ఇంటికే.