మాల్దీవుల్లో పొదుపు యాత్రికుడు

డబ్బున్నవాళ్ల ద్వీపానికి వెళ్లి, డబ్బు పెద్దగా వదలకుండా తిరిగొచ్చేవాడు పొదుపు యాత్రికుడు. హవాయిలోనూ సీషెల్స్‌లోనూ ఈ జాతి కనిపిస్తుంది గానీ, దాని తెలుగు శాఖకు ఇష్టమైన మకాం మాల్దీవులు. దూరం తక్కువ, వీసాకు రుసుము లేదు. ‘రుసుము లేదు’ అన్న మాట చెవిన పడిందంటే ఇతడి సూట్‌కేసు సగం సర్దుకున్నట్టే.

ఇతణ్ణి పిసినారితో కలపకూడదు. పిసినారి ఇల్లు కదలడు. ఇతడు సకుటుంబంగా సముద్రం దాటి వెళ్లి అక్కడి ధరలతో కుస్తీ పడతాడు. ఆ కుస్తీ లేకపోతే ఇతడికి సెలవులు గడిపినట్టే ఉండదు.

మాల్దీవుల్లో 1972లో కురుంబా రిసార్టుతో పర్యాటకం మొదలైంది. ఆ తర్వాత చాలా ఏళ్లు ద్వీపానికొక రిసార్టు కట్టి, అతిథుల్ని ఊళ్లకు దూరంగా ఉంచారు. అప్పట్లో మధ్యతరగతివాడికి మాల్దీవులంటే గోడ క్యాలెండరులో ఒక నెల. 2009 తర్వాత జనం నివసించే ద్వీపాల్లోనూ గెస్ట్‌హౌస్‌లకు అనుమతి దొరకడంతో మాఫుషి లాంటి చోట్ల అందుబాటు ధరల గదులు వెలిశాయి, వాటి వెనకే ఇతడూ దిగాడు.

యాత్ర ఎక్సెల్ షీటుతో మొదలవుతుంది. 2025 నుంచి హరిత పన్ను రిసార్టులో మనిషికి రోజుకు 12 డాలర్లు, చిన్న గెస్ట్‌హౌస్‌లో 6. రెండేళ్లు నిండని పిల్లలకు ఆ పన్ను లేదు, విమానంలో ఒళ్లో కూర్చోబెట్టుకుంటే టికెట్టూ తక్కువే. అందువల్ల చంటివాడి రెండో పుట్టినరోజు ఇతడి లెక్కలో పండగ కాదు, గడువు తేదీ. ప్రయాణానికి ముందు ఆన్‌లైన్లో నింపాల్సిన ప్రభుత్వ ఫారం ఉచితం. దానికీ డబ్బు గుంజే నకిలీ వెబ్‌సైట్లున్నాయి. వాటికి చిక్కిన తోడల్లుడి కథ ఇతడు విమానం దిగేలోపు రెండుసార్లు చెబుతాడు.

సీప్లేనుకు రానుపోనూ మనిషికి వందల డాలర్లు, పైగా అది పగలే ఎగురుతుంది. ఇతడికి దానితో ఉన్న సంబంధం ఫొటో వరకే. విమానాశ్రయం నుంచి వంతెన మీదుగా మాలేకి బస్సు, మాలే నుంచి మాఫుషికి ఫెర్రీ. స్పీడ్‌బోటు అరగంటలో చేర్చే దూరానికి ఫెర్రీ గంటన్నర తీసుకుంటుంది. తక్కువ డబ్బుకు మూడింతల సముద్రం చూపించారని ఇతడు మురిసిపోతాడు. భార్యకు ఆ గంటన్నరా వాంతులే.

సామానులో బట్టల వాటా కొంచెమే. ఆవకాయ, కందిపొడి, వేడినీళ్లు పోస్తే ఉడికే ఉప్మా ప్యాకెట్లు, చిన్న ఎలక్ట్రిక్ కెటిల్ మిగతా బరువంతా పంచుకుంటాయి. కస్టమ్స్‌వాళ్లు వెతికేది మద్యం, పంది మాంసం. గోంగూర పచ్చడి సీసాను ఎత్తి, వెలుతురులో తిప్పి చూసి, తిరిగిచ్చేస్తారు. గది అద్దెలోనే టిఫిన్ కలిసి ఉంటే అందులో మస్‌హుని పెడతారు: ట్యూనా చేప, కొబ్బరికోరు, ఉల్లి, మిరప కలిపిన వంటకం, రోషి అనే రొట్టెతో. ఇతడు దాన్ని మధ్యాహ్నానికి కూడా సరిపడా తింటాడు. కూరగాయలు చాలావరకు ఓడల్లో రావాలి కాబట్టి శాకాహారి పరిస్థితి అంత సుఖంగా ఉండదు, ఆవకాయ విలువ అక్కడే తెలుస్తుంది. ఊళ్లున్న ద్వీపాల్లో మద్యం అమ్మరు. ఆ మిగులును ఇతడు ‘నిగ్రహం’ అనే పద్దు కింద రాసుకుంటాడు. తీరానికి దూరంగా లంగరేసిన పడవ బారుకు తీసుకెళ్లి తెచ్చే చిన్న పడవ ఉచితమని తెలిస్తే మాత్రం ఎక్కుతాడు, ధరల పట్టిక చదువుతాడు, అదే పడవలో వెనక్కి వస్తాడు.

ఇతడి ఏకైక దుబారా రిసార్టుకు ఒకరోజు పాసు. ఆ రోజు నాలుగు జతల బట్టలు వెంట వెళతాయి. నీటి మీది విల్లాల ముందు, ఉయ్యాల్లో, కొలను గట్టున ఫొటోలు దిగుతారు. వచ్చే మూడేళ్ల ప్రొఫైల్ ఫొటోలు సాయంత్రానికి సిద్ధం. బఫే భోజనం దగ్గర వడ్డించేవాళ్లు ఇతణ్ణి గుర్తుపెట్టుకుంటారు.

తీరంలో మరో తెలుగు కుటుంబం ఎదురైతే కుశలప్రశ్న ఒక్కటే: “మీకెంత పడిందండీ?” తక్కువ పడినవాడు గెలిచినట్టు. రాత్రికి రెండొందల తేడాతో ఓడినవాడికి ఆ సాయంత్రం సూర్యాస్తమయం రుచించదు.

తిరిగొచ్చాక ఇతడు తన ఎక్సెల్ షీటును అడిగినవారికీ అడగనివారికీ పంపుతాడు. అది వస్తే పారేయకండి, లెక్కలు నిజంగానే పనికొస్తాయి. అందులో చాలామంది విస్మరించే గడి ఒకటుంది: శుక్రవారం అక్కడ సెలవు, చాలా దారుల్లో ఫెర్రీ నడవదు. మాలేలో దిగే రోజు శుక్రవారం కాకుండా టికెట్టు తీసుకోండి.