పుడితే బొగ్గుగా పుట్టాలి

పెట్టి పుట్టాలంటారు పెద్దలు. ఏం పెట్టి పుట్టాలో నాకు తెలియదు గానీ, ఏమై పుట్టాలో మా వెంకటాచలం స్టేషన్లో ఓ పూట నిలబడితే తెలిసిపోతుంది. బొగ్గై పుట్టాలి. అదీ ఇండోనేసియాలో, బోర్నియో దీవిలోని కలిమంతాన్ అడవుల కింద పుడితే మరీ మంచిది. అక్కడ మారుమూల పల్లె పక్కన తవ్వి తీస్తారు. నది మీద బార్జీ ఎక్కిస్తారు. నడిసముద్రంలో ఓడకు మారుస్తారు. బంగాళాఖాతం దాటించి కృష్ణపట్నం రేవులో దింపుతారు. దింపాక గుట్టగా పోసి, ఎండకు దుమ్ము లేవకుండా నీళ్లు చల్లుతారు. రేవు పక్కనే థర్మల్ ప్లాంట్లు నోరు తెరుచుకుని ఉంటాయి. ఇంకా లోపలికి పోవాల్సిన సరుకుకు రైలు సిద్ధం. ఆ దారిలో వెలిగొండలు అడ్డమొచ్చాయని ఎవరూ నొసలు చిట్లించలేదు. కొండనే తొలిచి 6.6 కిలోమీటర్ల సొరంగం వేశారు. 2019 సెప్టెంబర్‌లో సాక్షాత్తూ ఉపరాష్ట్రపతి వచ్చి వెంకటాచలం, ఓబులవారిపల్లె మార్గాన్ని జాతికి అంకితం చేశారు. సరుకంటే అదీ మర్యాద!

పొరపాటున మనిషై, అందునా ఇరకంలో పుట్టారనుకోండి. అప్పుడు తెలుస్తుంది తమాషా.

మా ఊరి నుంచి హైవే పట్టుకుని దక్షిణానికి పోతే గంటన్నరలో తడ వస్తుంది. దారి పొడుగునా టోలు గేట్లు, హైవే ధీమా. తడ దగ్గర పక్కకు తిరిగి భీములవారిపాళెం చేరితే అక్కడ రోడ్డు అయిపోతుంది, పులికాట్ సరస్సు మొదలవుతుంది. ఆ నీళ్ల నడుమ ఉన్న దీవి ఇరకం. పై చదువైనా, పురుడైనా, పాముకాటైనా, రేషన్ కార్డులో పేరు తప్పైనా పడవెక్కాల్సిందే. గాలి పెద్దదైతే పడవ కదలదు. నీళ్లు తగ్గితే పడవ బురదలో కూర్చుంటుంది, అప్పుడు ఎక్కినవాళ్లే దిగి తోయాలి. చార్జీ ఇచ్చి మరీ తోసే సదుపాయం ఆర్టీసీ కూడా ఈ మధ్య ఇవ్వడం లేదు.

ఇరకానికి అసలేమీ రాలేదంటే కళ్లు పోతాయి. వస్తాయి. ఓటింగు యంత్రాలు వస్తాయి. ఎన్నికల ముందురోజు వాటిని పసిబిడ్డల్లా పట్టుకుని సిబ్బంది, పోలీసులు పడవెక్కుతారు. ఒక్క ఓటరును కూడా వదలని ప్రజాస్వామ్యమని మర్నాడు పత్రికలో ఫొటో. యంత్రం తిరుగు పడవెక్కుతుంది. దానితో పాటు ప్రజాస్వామ్యమూ ఎక్కుతుంది. తర్వాతి ఐదేళ్లు ఓటరు సంగతి ఓటరు చూసుకోవాలి.

ఇంకో ఘనకార్యం కూడా జరిగింది. 2022 ఏప్రిల్ 4న తడ మండలం నెల్లూరు జిల్లా వదిలి తిరుపతి జిల్లాలో కలిసింది. ఇరకం ఉన్నచోటి నుంచి అంగుళం కదలకుండా జిల్లా దాటేసింది. అర్జీ పెట్టుకునే కలెక్టర్ మారాడు, అర్జీ మీద రాయాల్సిన చిరునామా మారింది. పడవ మారలేదు.

సరస్సుకు అవతల ఇంకో దీవి ఉంది. దానికి మాత్రం రాజయోగం. పేరు శ్రీహరికోట. 1969లో దాన్ని రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశారు. అక్కడి పల్లెల జనాన్ని తరలించారు. 1971లో తొలి రాకెట్ ఎగిరింది. సూళ్లూరుపేట నుంచి సరస్సును అడ్డంగా కోస్తూ కట్ట పోసి రోడ్డు వేశారు. 2025 జనవరి 29న అక్కడి నుంచి వందో ప్రయోగం జరిగింది. ఆ నెలలోనే మూడో ప్రయోగ వేదికకు కేంద్ర మంత్రివర్గం 3,984.86 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. నేను రాకెట్లకు విరోధిని కాను. చంద్రయాన్ దిగిన రోజు అందరితో పాటు నేనూ ఈలలేశాను. 3.84 లక్షల కిలోమీటర్ల దూరంలో, మనిషి పురుగు లేని చోట మెత్తగా దిగడం నేర్చిన దేశానికి, కళ్లెదుట కనపడే దీవిలో నొప్పులు పడుతున్న ఆడమనిషిని రాత్రిపూట ఇవతలి గట్టుకు చేర్చడం కష్టమా అన్నదొక్కటే నా సందేహం. చంద్రుడి మీద ఓటర్లు లేరు కాబట్టి అర్జీల బెడద లేదు, పని తొందరగా అయిందేమో.

రాకెట్ ఎగిరే రోజున ఈ తీరం జాలర్లకూ దేశసేవలో భాగం ఉంది. ఫలానా వేళకు సముద్రం మీదికి పోవద్దని కబురొస్తుంది. వలలు ఒడ్డున, కళ్లు ఆకాశాన. నిప్పులు చిమ్ముకుంటూ పైకి పోయేదాన్ని ఇరకం పిల్లలు మనకంటే బాగా చూస్తారు. చూడటానికి పడవ అక్కర్లేదు మరి.

‘వంతెన వేయండి సామీ’ అంటే వెంటనే పక్షులు అడ్డమొస్తాయి. 1976లో పులికాట్‌ను పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. అంటే రాకెట్లకు రోడ్డు పడ్డాక ప్రభుత్వానికి పక్షులు గుర్తొచ్చాయన్నమాట. ఇప్పుడు సరస్సులో గుంజ పాతాలన్నా వన్యప్రాణి చట్టం గుమ్మం తొక్కాలి. పక్షుల మీద ప్రేమ నిజమే అయితే నాకంటే సంతోషించేవాడు లేడు. కానీ సరస్సుకు ఊపిరి అందించే రాయదొరువు ముఖద్వారం ఇసుకతో పూడిపోతుంటే ఆ ప్రేమ ఎటు పోయింది? సముద్రపు నీరు లోపలికి రాకపోతే చేప లేదు, రొయ్య లేదు. అవి లేకపోతే జాలరి లేడు, ఫ్లెమింగో కూడా లేదు. తీరంలో సర్వం పూడుతుంది గానీ, పూడిక తీస్తామన్న హామీకి మాత్రం ఏనాడూ పూడిక పట్టలేదు.

ఆ ఫ్లెమింగోల యోగమే యోగం. శీతాకాలంలో వలస వస్తాయి, ఉచితంగా మేస్తాయి, ఎండలు ముదిరేలోగా పోతాయి. వాటి పేరు మీద 2025 జనవరిలో మూడు రోజులు పండగ చేశాం. స్టాళ్లు, సినిమా పాటలు, బోటు షికారు. పట్నం నుంచి వచ్చినవాళ్లు లైఫ్ జాకెట్ తొడుక్కుని, కేరింతలు కొట్టి, సెల్ఫీ దిగి పోయేది ఏ నీళ్లలోనో తెలుసుగా? జ్వరమొచ్చిన బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఇరకం తల్లి దాటే నీళ్లే. పక్షి వలస వస్తే పండగ. బతుకుతెరువుకు మనిషి వలస పోతే, ‘చూశారా, జనాభా తగ్గుతోంది, వంతెన దండగ’ అని ఫైల్లో ఇంకో వాక్యం.

‘అంత తక్కువ మందికి అంత ఖర్చా?’ ఇదీ చివరి బాణం. తలసరి లెక్క! సొరంగం తవ్వినప్పుడు బొగ్గుపెళ్ల తలసరి ఎంతని ఎవరూ లెక్క కట్టలేదు. ‘ఆడెందుకబ్బా మీరుండేది, ఈ గట్టుకొచ్చి ఇల్లు కట్టుకోకూడదా’ అనే సలహాదారులూ ఉన్నారు. ‘వల ఆడుండాది, నీళ్లాడుండాయి, ఈడికొచ్చి దేంట్లో వల ఏసేది’ అనడిగితే సలహాదారుకు ఫోనొస్తుంది. ఇంకా ఆశ ఉన్నవాళ్లకు దత్తత మార్గం చూపిస్తారు. 2014లో గూడూరు దగ్గర పుట్టంరాజువారి కండ్రిగను సచిన్ టెండూల్కర్ దత్తత తీసుకున్నాడు, రోడ్లూ డ్రైనేజీ వచ్చాయి. సంతోషం. కానీ పౌరుడికి రోడ్డు హక్కుగా రాకుండా సెంచరీలు కొట్టినవాడి దయగా రావాలంటే, దేశంలో ఆరు లక్షల పైచిలుకు ఊళ్లున్నాయి. అంతమంది క్రికెటర్లను ఎక్కడి నుంచి తెద్దాం?

ఆ బొగ్గు పుట్టిన ఇండోనేసియాకు 17 వేల దీవులు. అక్కడ స్వర్గం దిగిరాలేదు. మారుమూల దీవుల్లో డాక్టరు దొరకడు, కుర్రాళ్లు పట్నాలకు పోతున్నారు. అయినా ఆ ప్రభుత్వం 2015లో మారుమూల దీవులకు వేళ ప్రకారం సరుకుల ఓడలు నడిపే పథకం పెట్టి, నష్టాన్ని రాయితీగా తానే భరిస్తోంది. దీవిలో పుట్టడం నేరం కాదనీ, దూరానికయ్యే ఖర్చు అందరిదనీ కనీసం కాగితం మీద ఒప్పుకుంది. వాళ్ల బొగ్గును మనం ఓడలకొద్దీ తెచ్చుకున్నాం. ఈ ఆలోచన మీద దిగుమతి సుంకం ఎక్కువ కాబోలు, రేవులో దిగలేదు.

అందుచేత ఏలినవారికి నాదొక చిన్న మనవి. వచ్చే ఫ్లెమింగో పండగ సభావేదికను ఇరకంలో కట్టించండి. పగటి షికారు కాదు, రాత్రి బస. మంత్రులు, ఇంజినీర్లు, వన్యప్రాణి బోర్డు సభ్యులు, తలసరి లెక్కలు కట్టే ఆర్థిక శాఖ పెద్దలు, ఒక్కరు తగ్గకుండా రావాలి. ఉపన్యాసాలయ్యాక తిరుగు పడవ లేదని చెప్పండి. నడిరాత్రి ఎవరో ఒకరికి విందు వికటించి కడుపులో తిప్పక మానదు. కోడి కూసేలోగా నిబంధనలన్నీ సడలిపోతాయి, వంతెన ఫైలు మీద అన్ని సంతకాలూ పడిపోతాయి. శంకుస్థాపనకు మళ్లీ ముహూర్తం, ప్రయాణ ఖర్చు కూడా అక్కర్లేదు. అందరూ అక్కడే ఉంటారుగా!