పీటల మీద పెళ్లికొడుకు, రాకెట్లో మనిషి

మన పెళ్లిళ్లలో అందరికీ చేతినిండా పనే, పెళ్లికొడుక్కి తప్ప. మంత్రాలు పురోహితుడివి, వంట వంటవాళ్లది, మూడు ముళ్లకీ ఆడపడుచు సాయం. ఆయన పీటల మీద కూర్చుంటే చాలు. అయినా ఇంటిల్లిపాదీ పరుగులు పెట్టేది ఆయన మర్యాదల కోసమే. రోదసియాత్రలో మనిషి హోదా సరిగ్గా ఇదే.

1961 ఏప్రిల్ 12న యూరీ గగారిన్‌ను వోస్టాక్ ఎక్కించారు గానీ పగ్గాలు చేతికివ్వలేదు. భారం తెలియని చోట మతి చలిస్తే ఎలాగని డాక్టర్ల బెంగ. చేత్తో నడపాలంటే నొక్కాల్సిన అంకెను కవర్లో పెట్టి అంటించారు. మళ్లీ మనసొప్పక, 125 అని పెద్దలే ముందుగా ఆయన చెవిలో మంత్రోపదేశం చేశారు. శుభమా అని 108 నిమిషాల్లో తిరిగొచ్చాడు. కవరుతో పనే పడలేదు.

పని లేకపోయినా విడిది మర్యాదలు తప్పుతాయా? 1977లో బయల్దేరిన వాయేజర్-1 తిండీ నీళ్లూ అడక్కుండా దశాబ్దాలుగా కబుర్లు పంపుతోంది. మనిషికైతే గాలి కూడా మోసుకెళ్లాలి. 2020లో అంతరిక్ష కేంద్రానికి పంపిన కొత్త మరుగుదొడ్డికి 2.3 కోట్ల డాలర్లయింది. అల్లుడిగారి మూత్రాన్ని శుద్ధి చేసి అల్లుడిగారికే మంచినీళ్లుగా ఇచ్చే విడిది ఇంకెక్కడుంది!

2024 జూన్‌లో సునీతా విలియమ్స్, బుచ్ విల్మోర్ స్టార్‌లైనర్‌లో వెళ్లింది ఎనిమిది రోజుల చుట్టపుచూపుకే. థ్రస్టర్లు మొరాయించాయి, హీలియం లీకైంది. నాసా తర్జనభర్జన పడి బండిని ఖాళీగా రప్పిస్తే, అది సెప్టెంబరులో బుద్ధిగా వచ్చి న్యూ మెక్సికోలో దిగింది. చుట్టాలు మాత్రం 9 నెలలుండి, 2025 మార్చిలో వేరే బండెక్కి వచ్చారు.

అలాగని పెళ్లికొడుకును తీసిపారేయకండి. 1969లో కంప్యూటర్ చంద్రనౌకను బండరాళ్ల మధ్యకు తీసుకుపోతుంటే, తన చేతుల్లోకి తీసుకుని చదును నేల మీద దించింది నీల్ ఆర్మ్‌స్ట్రాంగే. హబుల్ టెలిస్కోపుకు పుట్టుకతోనే చూపు మసకైతే, 1993 డిసెంబరులో ఐదుసార్లు శూన్యంలోకి దిగి వైద్యం చేసింది మనుషులే. పెళ్లిపందిట్లో కరెంటు పోయినప్పుడే తెలుస్తుంది, పెళ్లికొడుక్కి ఫ్యూజు కట్టడం వచ్చని.

మన గగన్‌యాన్‌లోనూ మనుషులకంటే ముందు వ్యోమమిత్ర అనే రోబోను పంపాలని ఇస్రో సంకల్పం. ఆకలీ అలకా లేని తోడిపెళ్లికూతురు. ముందు పంపడం మంచిదే. కానీ పీట ఖాళీగా ఉంటే ఎంత విందు పెట్టినా అది సంతర్పణే, పెళ్లి కాదు. అందుకే ఇస్రో పెద్దలకు ఒక్కటే మనవి: మనవాళ్లను పీటల మీద కూర్చోబెట్టండి, ఫ్యూజు కట్టడం నేర్పండి, అంకెను మాత్రం కవర్లో పెట్టి అంటించకండి.