పెళ్లి వీడియో రిపేరు: ఇంట్లోనే, చెమట పట్టకుండా

ఆళ్లగడ్డ మామ తన కూతురి పెండ్లి క్యాసెట్టు పంపాడు. 2005 నాటి మినీడీవీ, గంట నిడివి. "నంద్యాల్లో కంప్యూటర్ తెలిసినోడివి నువ్వే గదా అల్లుడూ" అన్నాడు కాబట్టి రావలసిన గౌరవం వచ్చేసింది. ఇక మిగిలింది పని. దాన్ని ఇలా వదిలించుకోండి.

1. డిస్కులో చోటుందో లేదో చూడకండి. గంట డీవీ టేపుకు సుమారు 13 జీబీ కావాలి. మీరు ఫ్యాట్32లో ఫార్మాట్ చేసిన పాత హార్డ్‌డిస్కు తగిలించండి. 4 జీబీ నిండగానే, అంటే దాదాపు 20 నిమిషాలకు, ఫైలు ఆగిపోతుంది. జీలకర్ర బెల్లం దాకా వస్తుంది, తాళి రాదు. ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు మారిస్తే తీరే ఇబ్బందే. మార్చకండి, రేపటికి సాకు ఉండాలి.

2. మర్నాడు మిగతా టేపును కంప్యూటర్లోకి ఎక్కించే క్యాప్చర్ నడుస్తుంటే ఖాళీగా కూర్చోవద్దు. అదే కంప్యూటర్లో సినిమా పెట్టుకోండి, యాంటీవైరస్ స్కాన్ కూడా వేయండి. డ్రాప్డ్ ఫ్రేమ్స్ అంకె పెరుగుతుంది. సెకనుకు 25 ఫ్రేములు. 125 పోతే బొమ్మ ఐదు సెకన్లు ముందుకు పోతుంది. తాళి కట్టేశాక తాపీగా గట్టిమేళం మోగుతుంది. మళ్లీ క్యాప్చర్ చేయకండి. మేళగాళ్లు ఆరోజు టిఫిన్ దగ్గర ఆలస్యమయ్యారని చెప్పండి. ఇన్నేళ్లకు వాళ్లొచ్చి కాదనరు.

3. 4:3 బొమ్మను 16:9కి సాగదీయండి. పెళ్లికూతురు నిండుగా కనబడుతుంది. డీవీలో కింది ఫీల్డు ముందు వస్తుంది, మీరు పై ఫీల్డు ఎంచుకోండి. తలంబ్రాలు ముందుకీ వెనక్కీ గంతులేస్తాయి.

4. సాకులు. ఇక్కడ మాత్రం కాస్త కష్టపడాలి. "కరెంటు లేదు" అనకండి. నంద్యాల్లో మామకు మీరొక్కరే చుట్టం కాదు, ఇంకొకరికి ఫోన్ చేసి కనుక్కుంటాడు. మీ వీధికే ఒక ఫేజు పోయిందనండి. ఆళ్లగడ్డ శిల్పులను ఎవరైనా తొందరపెడతారా అని ఎదురడగండి, సొంతూరి మాట వింటే మెత్తబడతాడు. ఆ తర్వాత టైటిల్ సంగతి ఎత్తండి: శుభలేఖలో ఉన్నట్టు కర్నూలు జిల్లా అని వేయాలా, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లా అని మార్చాలా? ఆ ఇంట్లో వాదన తెగేసరికి వారం గడుస్తుంది. చివరిది మైక్రోసాఫ్ట్. వీడియోలు కూర్చే మూవీ మేకర్‌ను 2017 జనవరిలో ఆపేసింది. అది నిజం కూడా. నిజాన్ని ఇలాంటి రోజు కోసమే దాచుకోవాలి.

5. అంతా అయ్యాక క్యాప్చర్ ఫోల్డర్ తుడిచేయండి. ప్రాజెక్టు ఫైలు ఒక్కటే పెన్‌డ్రైవులో వేసి, ఆళ్లగడ్డ బస్సెక్కే వాళ్ల చేతికివ్వండి. అందులో వీడియో ఉండదు, ఏ క్లిప్పు ఏ ఫోల్డర్లో ఉందో చెప్పే చిరునామాలే ఉంటాయి. తెరుచుకోకపోతే మామ టీవీ పాతదనండి.

6. టేపు మిగిలితే ముప్పు. ఎవరో సక్రమంగా క్యాప్చర్ చేసి తప్పు మీదని తేలుస్తారు. క్యాసెట్టు వీపున ‘సేవ్’ వైపున్న మీటను ‘రెక్’ వైపు జరిపి, మొదటినుంచీ అహోబిలం పారువేట రికార్డు చేయండి. మామ నిలదీస్తే జవాబు సిద్ధం: స్వామి ఊరూరా తిరిగేది తన కల్యాణానికి పిలవడానికే గదా మామా, ఇదీ పెండ్లి వీడియోనే.