రోకలి గోడు

నన్ను నిలబెట్టడానికి గ్రహణం అక్కర్లేదు. చదునైన బండ, కాస్త ఓపికున్న చెయ్యి ఉంటే ఏ మంగళవారమైనా నిలబడతాను. అడిగినవాళ్లు లేక ఇన్నాళ్లూ ఈ మాట చెప్పలేదు.

నేను సండ్రమాను రోకలిని. అడుగున ఇనుప పొన్ను తొడిగారు. దాని అంచు సమంగా ఉంటుంది, నా బరువంతా నిట్టనిలువుగా దాని మీదికే దిగుతుంది. నిలబడే విద్య అంతే. అసలు విద్య దంచడం. శింగనమల చెరువు నిండిన ఏడు వడ్లు, ఎండిన ఏడు కొర్రలు, సజ్జలు. జేజి ఒకవైపు, కోడలు ఒకవైపు ఎదురుపోట్లు వేస్తుంటే, రెండు రోకళ్లం ఒకే రోట్లో తగులుకోకుండా దిగేవాళ్లం. దాన్ని మాత్రం ఎవరూ వింతగా చూడలేదు.

1980 ఫిబ్రవరి 16, మాఘ అమావాస్య. సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ అంకోలా దగ్గర గట్టెక్కి, రాయచూరు, పాలమూరు, నల్గొండల మీదుగా పూరీ వైపు పోయింది. జపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా వాళ్ల వేధశాల ఆ దారిలోనే ఉంది. శింగనమల దారికి దక్షిణాన ఉండిపోయినా, సూర్యుడు ఇక్కడా సన్నటి కొడవలయ్యాడు. 1868లో ఇలాంటి నీడ కోసమే జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు ఫ్రాన్సు నుంచి గుంటూరు దాకా వచ్చాడట. మావాళ్లు గడప దాటలేదు.

చుట్టాలూ ఇరుగుపొరుగూ మిద్దెలో చేరారు. ఊరగాయ జాడీల మీద దర్భలు వేసి, గవాచికి రేకు మూశారు. ఇత్తడి పళ్లెంలో పసుపునీళ్లు పోసి నన్ను నిలబెట్టారు. నిలబడ్డాను. "పట్టినాడు" అంది జేజి.

రేకుకు మేకు బెజ్జం ఉంది. అందులోంచి తూర్పు గోడ మీద రోజూ రూపాయి బిళ్లంత వెలుగు గుండ్రంగా పడేది. ఆ మధ్యాహ్నం కొసలు తేలిన బుల్లి కొడవలి పడింది, చూస్తుండగానే సన్నబడింది. సూర్యుడే ఇంట్లోకొచ్చి గోడనెక్కాడు!

"జేజీ, గోడ మీద సూడు!" అన్నాడొక పిల్లోడు.

"గమ్మునుండి రోకలిని సూడు రా."

గ్రహణం విడిచినా నేను పడలేదు. ఎవరి బొటనవేలో పళ్లేనికి తగిలాక పడ్డాను. "విడిచింది" అంటూ అందరూ తలకు పోసుకోవడానికి బావి దగ్గరికి పరిగెత్తారు.

తర్వాత ఊళ్లోకి మర వచ్చింది, ఇంట్లోకి మిక్సీ. నేను పశువుల కొట్టానికి చేరాను. తలుపుకు అడ్డుపెట్టారు, నాతో కుక్కల్ని అదిలించారు, కోళ్లు నామీదెక్కి కూర్చున్నాయి. ఈ సీమలో వాన పడేదే తక్కువ. పడినప్పుడు కారేది మాత్రం సరిగ్గా నామీదే. పశువులూ పోయాక కొట్టం తలుపు తీసేవాళ్లే కరువయ్యారు.

2019 డిసెంబరు 26న ఉన్నట్టుండి గుర్తొచ్చాను. కడిగారు, బొట్టు పెట్టారు, నిలబెట్టి సెల్‌ఫోన్లలో ఫొటోలు దించారు. 2020 జూన్ 21న మళ్లీ అదే మర్యాద. గ్రహణం విడిచాక మళ్లీ కొట్టమే. దంచినమ్మకు బొక్కిందే కూలి అంటారు. నాకు ఆ పసుపునీళ్లే కూలి.

2031 మే 21న మదురై వైపు కంకణ గ్రహణమట, ఇక్కడికి పాక్షికమే. మళ్లీ వెతుక్కుంటూ వస్తారు. కానీ పొన్నును ఒకవైపు తుప్పు తినేసింది. ఈసారి నేను నిలవకపోతే, గ్రహణమే పట్టలేదంటారేమో.